డిగ్రీ మొదటి ఏడాది సైకాలజీ: తెలిసినట్టే అనిపించే సబ్జెక్టును నిజంగా నేర్చుకోవడం ఎలా?

సైకాలజీ పుస్తకం మొదటిసారి తెరిచిన విద్యార్థికి చాలాసార్లు కలిగే భావన ‘హమ్మయ్య, ఇది సులువే’ అని. మరుపు, కోపం, నిద్ర, కలలు, తెలివితేటలు, అలవాట్లు... అన్నీ ఇంట్లో, బస్సులో, హాస్టల్ గదిలో రోజూ మాట్లాడుకునేవే. పేజీలు గబగబా తిరుగుతాయి. లెక్కల పుస్తకంలో ఆగినట్టు ఇక్కడ ఎక్కడా ఆగాల్సిన అవసరం కనిపించదు. తీరా ఇంటర్నల్స్‌లో ‘రుణ పునర్బలనానికీ దండనకూ తేడా ఉదాహరణతో రాయండి’ అని అడిగితే కలం కదలదు. బిట్లలో నాలుగు ఆప్షన్లూ సరైనవిగానే కనిపిస్తాయి.

ఈ సబ్జెక్టులో మార్కులు పోగొట్టుకునేవాళ్లలో చాలామందికి అది కష్టంగా ఉండి పోవు. ‘తెలిసిందే కదా’ అనుకోవడం వల్ల పోతాయి. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క ఇబ్బందిని దాటడానికే. బి.ఏ., బి.ఎస్సీ.లో సైకాలజీ తీసుకున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బి.ఎడ్., డి.ఎడ్. చదువుతూ విద్యా మనోవిజ్ఞానం పేపరుకు తయారవుతున్నవాళ్లకూ, 30 మార్కుల శిశు వికాసం విభాగం ఉన్న టెట్ రాసేవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

మొదటి వారం: ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

ముందు మీ యూనివర్సిటీ సిలబస్ కాపీ సంపాదించండి. వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, లేదంటే డిపార్ట్‌మెంట్‌లో అడగండి. దాన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో అంటించండి. తర్వాత గత మూడు నాలుగేళ్ల ప్రశ్నపత్రాలు తెచ్చుకోండి. ఇవి ‘ముఖ్యమైన ప్రశ్నలు’ ఏరుకోవడానికి కాదు. ఏ యూనిట్‌లో నిర్వచనాలు అడుగుతున్నారు, ఎక్కడ తేడాలు అడుగుతున్నారు, ఎక్కడ ప్రయోగం వివరించమంటున్నారు అనేది గమనించడానికి.

పుస్తకం విషయంలో నా సలహా గట్టిదే: గైడ్‌తో మొదలుపెట్టవద్దు. గైడ్‌లో నిర్వచనం ఉంటుంది గానీ ఆ నిర్వచనం ఎందుకు అవసరమైందో ఉండదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి సైకాలజీ పుస్తకం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్‌లో సైకాలజీ చదవకుండా నేరుగా డిగ్రీలో అడుగుపెట్టిన మనవాళ్లకు అదే సరైన మొదటి మెట్టు. ఇంగ్లిష్ సులువుగా ఉంటుంది, ఉదాహరణలు మన దేశానివి. అది ఒకసారి చదివాక లెక్చరర్ చెప్పిన పాఠ్యపుస్తకం పట్టుకోండి. తెలుగు పదాల కోసం తెలుగు అకాడమీ పుస్తకం లైబ్రరీలో చూసుకోండి.

చరిత్ర భాగం మీద వారాలు గడపనక్కర్లేదు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టాడు. మన దేశంలో కలకత్తా యూనివర్సిటీలో 1915లో ప్రయోగశాల, 1916లో సైకాలజీ శాఖ మొదలయ్యాయి. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలోనే మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, మనోవిశ్లేషణకు మూలపురుషుడైన ఫ్రాయిడ్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. వివిధ వాదాలను, అంటే సంరచనావాదం, కార్యకరణవాదం, ప్రవర్తనావాదం, గెస్టాల్ట్, మనోవిశ్లేషణలను ఒక్కో వాక్యంలో, ‘వీళ్లు దేన్ని అధ్యయనం చేయాలన్నారు? ఏ పద్ధతిలో?’ అన్న రెండు ప్రశ్నలకు జవాబుగా రాసుకుంటే చాలు.

పరిశోధనా పద్ధతుల అధ్యాయం దగ్గర ఆగండి

చాలామంది దాటేసే అధ్యాయం ఇది. నా లెక్కలో కోర్సు మొత్తానికి ఇదే ఇరుసు. మిగతా అధ్యాయాల్లో వచ్చే ప్రతి వాక్యం వెనకా ‘ఈ సంగతి వీళ్లకెలా తెలిసింది?’ అన్న ప్రశ్న ఉంటుంది. దానికి జవాబిచ్చే అధ్యాయం ఇదొక్కటే.

నిర్వచనాలు బట్టీ పట్టకుండా, మీరు రోజూ వినే ఒక నమ్మకాన్ని తీసుకుని పరీక్షకు పెట్టండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పేదే: తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుంది. నిజమేనా? ‘మా అన్నయ్య అలాగే చదివి ర్యాంకు తెచ్చుకున్నాడు’ అంటే అది ఒక్క మనిషి కథ. ర్యాంకులు వచ్చినవాళ్లందరినీ అడిగితే ఎక్కువమంది ‘నాలుగింటికే లేచేవాళ్లం’ అన్నారనుకోండి. అది సహసంబంధం మాత్రమే, అంటే రెండూ కలిసి కనిపిస్తున్నాయంతే. పట్టుదల ఉన్నవాళ్లు పెందలాడే లేస్తారేమో, మార్కులు ఆ పట్టుదల వల్ల వచ్చాయేమో.

ప్రయోగం చేద్దాం. క్లాసులో నలభై మంది ఉన్నారు. చీటీలు తీసి ఇరవై మంది చొప్పున రెండు గుంపులు చేశాం. అందరికీ అవే రెండు పేజీలు, అదే అరగంట. ఒక గుంపు ఉదయం అయిదింటికి చదివింది, రెండోది రాత్రి తొమ్మిదింటికి. సరిగ్గా ఇరవై నాలుగు గంటల తర్వాత ఒకే ప్రశ్నపత్రం. ఇక్కడ మనం మార్చింది చదివిన వేళ, అది స్వతంత్ర చరం. మనం కొలిచింది వచ్చిన మార్కులు, అవి పరతంత్ర చరం. పేజీలు, వ్యవధి, ప్రశ్నలు ఒకేలా ఉంచడం నియంత్రణ. మరి చీటీలు ఎందుకు? ఎవరికి నచ్చిన గుంపులో వాళ్లను చేరమంటే, సహజంగానే త్వరగా లేచేవాళ్లంతా ఉదయం గుంపులోకి పోతారు. అప్పుడు తేడా వేళ వల్ల వచ్చిందో, మనుషుల వల్ల వచ్చిందో చెప్పలేం.

ఇంకాస్త లోతుకు వెళ్లండి. రాత్రి చదివినవాళ్లు చదివిన కాసేపటికే నిద్రపోతారు. ఉదయం చదివినవాళ్లు రోజంతా తిరిగి, ఎన్నో పనులు చేసి అప్పుడు నిద్రపోతారు. ఫలితంలో తేడా వస్తే కారణం వేళా, నిద్రకు ఉన్న దూరమా? ఇలాంటి ప్రశ్న మీ అంతట మీకు తట్టిన రోజున బాహ్య చరం అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘ఫోన్ ఎక్కువ చూసే పిల్లలకు మార్కులు తక్కువ’ అన్న వార్త కనిపించినప్పుడూ ఇలాగే మూడు వివరణలు రాయండి: ఫోన్ వల్ల మార్కులు తగ్గడం, మార్కులు తగ్గినందుకు ఫోన్‌లో తలదాచుకోవడం, ఈ రెండింటికీ మూలమైన మూడో కారణం. వారానికి ఒక వార్త ఇలా విప్పి చూస్తే ఈ యూనిట్ ప్రశ్నలన్నిటికీ సొంత ఉదాహరణలు తయారవుతాయి.

సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) ఒక్కసారైనా కాలిక్యులేటర్ లేకుండా, పది మార్కుల జాబితా రాసుకుని చేతితో లెక్కగట్టండి. ఒక్కసారి చాలు.

పదాల నోట్‌బుక్

క్లాసులో ఇంగ్లిష్, మనసులో తెలుగు, టెట్ పుస్తకంలో సంస్కృతం. మన విద్యార్థి ఒకే భావనను మూడు చోట్ల మూడు పేర్లతో చూస్తాడు. ఇది భారమే గానీ దీన్ని లాభంగా మార్చుకోవచ్చు. ఒక నోట్‌బుక్‌లో పేజీని అయిదు నిలువు గడులు చేయండి. మొదటి రెండు గడుల్లో ఇంగ్లిష్ పదం, తెలుగు పదం. మూడో గడిలో పుస్తకం మూసి మీ మాటల్లో రాసిన అర్థం. నాలుగో గడిలో పుస్తకంలో లేని మీ సొంత ఉదాహరణ. అయిదో గడి అన్నిటికన్నా విలువైనది: చూడ్డానికి దీనిలాగే ఉండి, ఇది కానిది.

సంవేదన అని రాస్తే అయిదో గడిలో ప్రత్యక్షం రావాలి. చెవికి శబ్దం సోకడం సంవేదన, అది అమ్మ పిలుపని గుర్తించడం ప్రత్యక్షం. ప్రజ్ఞ పక్కన సాధన (అచీవ్‌మెంట్), వైఖరి (యాటిట్యూడ్) పక్కన సహజ సామర్థ్యం (యాప్టిట్యూడ్), పరిపక్వత పక్కన అభ్యసనం. బిట్లు తయారుచేసేవాళ్లు ఆప్షన్లను సరిగ్గా ఈ జంటల నుంచే తీస్తారు. జంటలు రాసుకున్నవాళ్లకు ఆ గందరగోళం ఉండదు.

చదివే పద్ధతి: సైకాలజీ చెప్పిందే సైకాలజీకి వాడండి

రెడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న గద్యభాగాలు ఇచ్చారు. ఒక పద్ధతిలో రెండుసార్లు చదివించారు. మరో పద్ధతిలో ఒకసారి చదివించి, రెండోసారి చదివే బదులు గుర్తున్నదంతా కాగితం మీద రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినప్పుడు 81 శాతం, రాసుకున్నప్పుడు 75 శాతం గుర్తుంది. మళ్లీ చదవడమే మేలన్నట్టు కనిపించింది. వారం తర్వాత చూస్తే లెక్క తిరగబడింది: చదివినదానికి 42 శాతం, రాసుకున్నదానికి 56 శాతం.

పరీక్షకు గంట ముందు వరండాలో నిలబడి పేజీలు తిప్పేవాళ్లకు అన్నీ వచ్చేసినట్టు ఎందుకనిపిస్తుందో, సెమిస్టర్ చివర్లో అదే పాఠం ఎందుకు కొత్తగా కనిపిస్తుందో ఈ నాలుగు అంకెలు చెబుతాయి. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా బయటికి తీయడం వేరు. పరీక్ష హాల్లో అడిగేది రెండోది. 2013లో డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది రకాల చదువు పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీదుగా విడదీసుకోవడం అనే రెండింటికే ఎక్కువ ప్రయోజనం ఉందన్నారు. మళ్లీ మళ్లీ చదవడం, హైలైటర్‌తో గీతలు గీయడం తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో చేరాయి.

దీన్ని మీ రోజులోకి ఇలా తెచ్చుకోండి. క్లాసు జరిగిన రోజు సాయంత్రం తెల్లకాగితం తీసుకుని, నోట్సు చూడకుండా, పాఠంలో గుర్తున్నదంతా పది నిమిషాలు రాయండి. వాక్యాలు అందంగా ఉండనక్కర్లేదు. తర్వాత నోట్సు తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ వేరే రంగు పెన్నుతో చేర్చండి. ఆ రంగులో ఉన్నదే మీరు చదవాల్సింది, మిగతాది వచ్చినట్టే. రెండు మూడు రోజుల తర్వాత అదే పాఠానికి మళ్లీ తెల్లకాగితం. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి. ప్రతిసారీ పట్టే సమయం తగ్గుతూ వస్తుంది.

మొదటి రెండుసార్లు ఇది చాలా చికాకుగా ఉంటుంది. సగం కాగితం ఖాళీగా మిగులుతుంది. ‘నాకేమీ రాలేదు’ అనిపించి చాలామంది అక్కడే ఆపేసి మళ్లీ పుస్తకం చదవడంలోకి జారుకుంటారు. దయచేసి ఆపవద్దు. ఆ వెతుకులాటే జ్ఞాపకాన్ని బలపరుస్తోంది.

కోచింగ్ క్లాసుల్లో ఇప్పటికీ వినిపించే మాట ఒకటుంది: కొందరు చూసి నేర్చుకునేవాళ్లు, కొందరు విని నేర్చుకునేవాళ్లు, ఎవరి శైలికి తగ్గట్టు వాళ్లు చదవాలని. 2008లో పాష్లర్ బృందం దీనిమీద వచ్చిన పరిశోధనలను సమీక్షించి, శైలికి తగ్గట్టు బోధిస్తే ఫలితం పెరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ‘నేను విని నేర్చుకునే రకం’ అనుకుని రాయడం మానేయవద్దు.

అభ్యసనం: అందరూ తడబడే యూనిట్

శాస్త్రీయ నిబంధనానికి, తిండి వస్తుందన్న సంకేతానికే లాలాజలం కార్చిన పావ్‌లోవ్ కుక్కతోపాటు చింతకాయను కూడా గుర్తుపెట్టుకోండి. పుల్లటి చింతకాయ నాలుకకు తగలగానే నీళ్లూరతాయి. దీనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కాబట్టి పులుపు నిర్నిబంధిత ఉద్దీపన, ఊరిన లాలాజలం నిర్నిబంధిత ప్రతిస్పందన. కొన్నిసార్లు తిన్నాక చింతకాయను చూస్తేనే నోరూరుతుంది. ఇప్పుడు ఆ ఆకారం నిబంధిత ఉద్దీపన, ఈ లాలాజలం నిబంధిత ప్రతిస్పందన. సరిచూసుకోవడానికి ఒక ప్రశ్న: జన్మలో చింతకాయ తినని విదేశీయుడికి దాన్ని చూపిస్తే నోరూరుతుందా? ఊరదు. నేర్చుకోనిదే రాని ప్రతిస్పందన నిబంధితం. ఈ ఒక్క ప్రశ్నతో ఏ ఉదాహరణనైనా నాలుగు భాగాలుగా విడగొట్టవచ్చు. పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది నిబంధనానికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. బిట్లలో అడుగుతుంటారు.

ఫలితాన్ని బట్టి ప్రవర్తన పెరగడం, తగ్గడం గురించి చెప్పే కార్యసాధక నిబంధనంలో పరీక్ష హాల్లో అందర్నీ ముంచేది ధన, రుణ పదాలు. ధన అంటే మంచిది, రుణ అంటే చెడ్డది అనుకుంటే అక్కడితో సరి. రెండు ప్రశ్నలు వేసుకోండి. ప్రవర్తన తర్వాత ఏదైనా కొత్తగా చేరిందా, ఉన్నది పోయిందా? చేరితే ధన, పోతే రుణ. దానివల్ల ఆ ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన.

దోమలు కుడుతున్నాయి, కాయిల్ వెలిగించారు, దోమలు పోయాయి. మర్నాడూ వెలిగించారు. ఒకటి పోయింది, ప్రవర్తన పెరిగింది: రుణ పునర్బలనం. చెల్లి తిట్టిందని తమ్ముడు గిల్లడం మానేశాడు. తిట్టు చేరింది, గిల్లడం తగ్గింది: ధన దండన. తమ్ముడి ఫోన్ లాక్కున్నాక ఆలస్యంగా రావడం మానేశాడు: రుణ దండన. హెల్మెట్ లేనందుకు చలానా పడింది. దీన్ని మీరే తేల్చండి, తర్వాత పక్కవాళ్లతో వాదించండి. డబ్బు జేబులోంచి పోవడాన్ని చూస్తున్నారా, చలానా కాగితం రావడాన్ని చూస్తున్నారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అలాంటి వాదన అరగంట చేస్తే ఈ భాగం జీవితంలో మర్చిపోరు.

ఇంకొక సూక్ష్మం. ఫలితం ఏమిటో నిర్ణయించేది మన ఉద్దేశం కాదు. అల్లరి చేస్తున్న పిల్లవాణ్ని టీచరు గట్టిగా కోప్పడ్డా అల్లరి ఇంకా పెరిగిందంటే, ఆ కోపం వాడికి దండన కాలేదు, పునర్బలనమైంది. రేపు టీచర్లు కాబోయేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

జ్ఞాపకం, మెదడు: విడివిడిగా చదవకండి

మరుపు గురించి జర్మన్ మనోవిజ్ఞాని ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ఫలితాలను దాదాపు ప్రతి విద్యార్థీ రాస్తాడు. కానీ ఆయన కొలిచిందేమిటో రాసేవాళ్లు తక్కువ. ఆయన ప్రయోగాల్లో పాల్గొన్న మనిషి ఆయనొక్కడే. అర్థంలేని అక్షర సముదాయాలు నేర్చుకుని, కొంతకాలం తర్వాత మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కగట్టాడు. ఇరవై నిమిషాలకు ఆదా 58 శాతం, ఒక రోజుకు 34, నెలకు 21. వక్రరేఖ మొదట్లో నిటారుగా పడి, తర్వాత దాదాపు చదునుగా సాగుతుంది. క్లాసు జరిగిన సాయంత్రమే తెల్లకాగితం తీయమన్నది ఇందుకే. మీ పాఠానికి అర్థం ఉంది కాబట్టి అంత వేగంగా మరచిపోరు. అందుకే ఆ శాతాలను మీ నోట్సుకు యథాతథంగా అంటగట్టవద్దు.

స్వల్పకాలిక స్మృతికి జార్జ్ మిల్లర్ 1956లో చెప్పిన ‘ఏడు, రెండు అటూ ఇటూ’ అంశాలు గుర్తుపెట్టుకోండి. పది అంకెల ఫోన్ నంబరును మనం అయిదు అయిదుగా విరిచి చెప్పుకోవడం ఈ పరిమితిని దాటడానికే. పరిమితి అంతకన్నా తక్కువ, సుమారు నాలుగు గుత్తులేనని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఈ వాక్యం కూడా చేరిస్తే జవాబు బలపడుతుంది.

మెదడు యూనిట్ చూసి ఆర్ట్స్ విద్యార్థులు భయపడతారు. బొమ్మ గీయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. న్యూరాన్ (నాడీకణం), మెదడు నాలుగు ఖండాలు, లింబిక్ వ్యవస్థ (ఉద్వేగాలకు, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలు): మూడు బొమ్మలు, చూడకుండా గీసి పేర్లు పెట్టగలిగేదాకా. ప్రతి భాగానికీ ఒక మనిషి కథను జోడించండి. 1848లో అమెరికాలో రైలుమార్గం పనుల్లో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికి, ఆ తర్వాత స్వభావం మారిందని చెప్పే ఫినియస్ గేజ్‌ను ముందు ఖండానికి జతచేయండి.

జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌కు హెన్రీ మొలైసన్. మూర్ఛలు తగ్గించడానికి 1953లో చేసిన శస్త్రచికిత్సలో ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత కొత్త సంఘటనలు ఆయనకు గుర్తుండేవి కావు. మనోవిజ్ఞాని బ్రెండా మిల్నర్ ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయించింది. రోజురోజుకూ తప్పులు తగ్గాయి. కానీ ఈ పని అంతకుముందు చేసినట్టే ఆయనకు గుర్తులేదు. చేతికి వచ్చే నైపుణ్యం ఒక రకం జ్ఞాపకం, జరిగిందాన్ని గుర్తుచేసుకోవడం మరో రకం అని ఇంత స్పష్టంగా చూపిన కథ నాకు ఇంకొకటి తెలియదు. మీ ల్యాబ్‌లో అద్దం చిత్రలేఖనం ప్రాక్టికల్ ఉంటే అది దాదాపు ఇదే పరికరంతో చేసేది. వైవాలో ఈ సంబంధం చెప్పగలిగిన విద్యార్థిని ఎగ్జామినర్ గుర్తుపెట్టుకుంటాడు.

ప్రసిద్ధ ప్రయోగాలను ఎలా రాసుకోవాలి?

ఒక్కో ప్రయోగానికి ఒక్కో కార్డు. దాని మీద ఎవరు, ఎప్పుడు, ఎవరి మీద, ఏం మార్చారు, ఏం కొలిచారు, ఏం తేలింది. వెనకవైపు: దీనిమీద వచ్చిన అభ్యంతరాలు. వెనకవైపు ఖాళీగా ఉన్న కార్డు సగం కార్డే.

లాఫ్టస్, పామర్ 1974 ప్రయోగం కార్డు ఇలా ఉంటుంది. విద్యార్థులకు కారు ప్రమాదాల దృశ్యాలు చూపించారు. ‘కార్లు తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?’ అని కొందర్ని, ‘నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు’ అని కొందర్ని, ఇలా ఒక్క క్రియాపదం మార్చి అడిగారు. మెత్తని పదం విన్నవాళ్లు సగటున గంటకు 31.8 మైళ్లన్నారు, తీవ్రమైన పదం విన్నవాళ్లు 40.8 మైళ్లన్నారు. రెండో ప్రయోగంలో వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగారు. దృశ్యంలో గాజు లేనే లేదు. అయినా తీవ్రమైన పదం విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా ‘ఢీకొన్నప్పుడు’ అని విన్న 50 మందిలో అలా అన్నది ఏడుగురే. కార్డు వెనక: తెరమీద చూసిన ప్రమాదానికీ కళ్లముందు జరిగినదానికీ తేడా ఉంటుంది, పాల్గొన్నది కాలేజీ విద్యార్థులే.

మిల్‌గ్రామ్ 1963 ప్రయోగంలో 40 మంది పురుషుల్లో 26 మంది, అధికారి చెప్పాడని, అవతలి మనిషికి షాక్ ఇస్తున్నామనుకుంటూనే 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. నిజానికి షాకేమీ లేదు, అవతలి మనిషి నటిస్తున్నాడు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అవతలి మనిషిని అదే గదిలో కూర్చోబెడితే చివరిదాకా వెళ్లినవాళ్లు 40 శాతానికి తగ్గారని కూడా రాయండి. పరిస్థితి మారితే విధేయత మారుతుందన్నదే ఆ పరిశోధన అసలు బలం. వెనకవైపు నైతిక అభ్యంతరాలు.

విద్యార్థులకు ఖైదీల, కాపలాదారుల పాత్రలిచ్చిన 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని ఇప్పటికీ కొన్ని పుస్తకాలు తిరుగులేని సత్యంలా రాస్తున్నాయి. ఆ ప్రయోగం నడిపిన జింబార్డో తానే జైలు సూపరింటెండెంట్ పాత్ర వేశాడు. కఠినంగా ఉండమని కాపలాదారుడిని ప్రోత్సహించిన రికార్డింగులు తర్వాత బయటికొచ్చాయి. అందుకే దాన్ని విమర్శతో కలిపే రాయాలి. 2015లో పెద్ద బృందమొకటి వంద సైకాలజీ పరిశోధనలను తిరిగి చేసి చూస్తే, గణాంకపరంగా నిలబడ్డవి 36 శాతమే. ఇది విని కొందరు విద్యార్థులు ‘అయితే ఇదంతా ఉత్తదేనా?’ అని నిరాశపడతారు. నాకైతే ఇది ఈ శాస్త్రం మీద గౌరవం పెంచే సంగతి. తన ఫలితాలను తానే తిరగతోడి, నిలబడనివాటిని బహిరంగంగా చెప్పుకుంది.

మనిషి అవసరాలను మెట్లుగా పేర్చి చూపే మాస్లో అవసరాల త్రిభుజం గీసేటప్పుడు కూడా ఒక మాట చేర్చండి: 1943 నాటి ఆయన వ్యాసంలో ఆ త్రిభుజం లేదు, అది తర్వాతివాళ్లు గీసింది. అవసరాల క్రమం అందరికీ ఒకేలా ఉండదని ఆయనే రాశాడు.

ప్రాక్టికల్స్, రికార్డు

ముల్లర్-లయర్ భ్రమ (చివర్ల బాణపు గుర్తుల వల్ల సమానమైన గీతలు అసమానంగా కనిపించడం), అద్దం చిత్రలేఖనం, స్ట్రూప్ (వేరే రంగులో రాసిన రంగు పేరు చూసి సిరా రంగు చెప్పడం), అవధాన విస్తృతి (ఒక్క చూపులో ఎన్ని అంశాలు పట్టుకోగలమో చూడటం), ఒక చేతి నైపుణ్యం రెండో చేతికి బదిలీ కావడం: మన కాలేజీల్లో తరచుగా చేయించేవి ఇవే. వీటిలో మార్కులు పోయేది ప్రయోగం సరిగ్గా రాక కాదు, సీనియర్ రికార్డు చూసి ఎక్కించడం వల్ల. ఎగ్జామినర్ మీ పట్టికలో ఒక అంకె మీద వేలుపెట్టి ‘ఇదెందుకు ఇంత ఎక్కువొచ్చింది?’ అంటే, ఆ అంకె మీది కాకపోతే చెప్పడానికేమీ ఉండదు.

ముల్లర్-లయర్ చేసేటప్పుడు గీతను చిన్నదాని నుంచి పెంచుతూ కొన్నిసార్లు, పెద్దదాని నుంచి తగ్గిస్తూ కొన్నిసార్లు ఎందుకు చేస్తామో, మధ్యలో కుడి ఎడమలు ఎందుకు మారుస్తామో ముందే అర్థం చేసుకోండి. ఒకే దిశలో కదిపితే చేతి అలవాటు వల్ల వచ్చే దోషం భ్రమతో కలిసిపోతుంది. రెండు గీతలూ సమానమేనని తెలిసినా భ్రమ పోదు. ఈ సంగతిని చర్చ భాగంలో తప్పక రాయండి. ప్రయోగంలో కూర్చున్న స్నేహితురాలికి సూచనలు అచ్చం కాగితం మీద ఉన్నట్టే చదవండి, ‘తొందరగా కానీ’ లాంటి మాటలు చేర్చకండి. అంతఃపరిశీలన నివేదికలో ఆమె చెప్పిన మాటలే రాయాలి, మీరు అందంగా కల్పించినవి కాదు. ఆమె పేరుకు బదులు పొడి అక్షరాలు వేయండి. ఫలితం పుస్తకానికి వ్యతిరేకంగా వస్తే దిద్దకండి. ఎందుకలా వచ్చి ఉండవచ్చో రెండు కారణాలు రాస్తే అదే మంచి చర్చ.

మీ మీదా మీవాళ్ల మీదా తీర్పులు వద్దు

మానసిక రుగ్మతల అధ్యాయం చదివిన వారంలో చాలామందికి ఆ లక్షణాలన్నీ తమలో కనిపిస్తాయి. తర్వాతి వారం రూమ్‌మేట్‌లో, ఆ తర్వాత నాన్నగారిలో. లక్షణం ఉండటం వేరు, రుగ్మత వేరు. ఎంతకాలంగా ఉంది, ఎంత తీవ్రంగా ఉంది, రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీస్తోంది అన్నది చూసి నిర్ధారించేది శిక్షణ పొందిన నిపుణులు. బి.ఏ. మొదటి ఏడాది చదువుతో ఎవరికీ ‘నీకు ఫలానా ఉంది’ అని చెప్పకండి. ఆ మాట మోసేవాళ్లకు చాలా బరువు.

చదువుతున్నప్పుడు మీకు నిజంగా ఏదైనా తగిలితే, నిద్ర, తిండి, క్లాసులు దెబ్బతింటుంటే మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. క్లాసులో ఎవరైనా సాయమడిగితే మీరు ఇవ్వగలిగింది కూడా ఇదే: ఓపిగ్గా వినడం, ఈ నంబరు ఇవ్వడం, అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే గుర్తింపు పొందిన వృత్తి శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఈ జాగ్రత్త ఇప్పట్నుంచే అలవాటు కావాలి.

పరీక్షలో జవాబు రాయడం

ఎస్సే ప్రశ్నకు నాలుగు అంశాలుంటే జవాబు నిలబడుతుంది: నిర్వచనం, అది ఎలా పనిచేస్తుందో వివరణ, ఒక ప్రయోగం అంకెలతో సహా, మన జీవితంలోంచి ఒక ఉదాహరణ. చివర పరిమితి ఒక వాక్యం. ‘మరుపుకు కారణాలు’ అడిగారనుకోండి. చాలా పేపర్లలో క్షయం (జ్ఞాపకం అరిగిపోవడం), జోక్యం (ఒక జ్ఞాపకం మరోదానికి అడ్డురావడం, దీన్నే అవరోధం అనీ అంటారు), దమనం (బాధపెట్టేదాన్ని మనసు తొక్కిపెట్టడం) అని పేర్లు రాసి ఒక్కోదానికి రెండు పంక్తుల సొంత కవిత్వం ఉంటుంది. దానికి బదులు జోక్యం కింద ఇలా రాయండి: కొత్త ఏటీఎం పిన్ పెట్టుకున్నాక పాతదే వేలికి వస్తుంటే అది పురోగమన అవరోధం, కొత్తది అలవాటయ్యాక పాతది ఎంత తన్నుకున్నా రాకపోతే తిరోగమన అవరోధం. పక్కన ఎబ్బింగ్‌హాస్ వక్రరేఖ గీసి, అడ్డ నిలువు అక్షాలకు పేర్లు పెట్టండి. అక్షాలకు పేర్లు లేని గ్రాఫ్‌కు మార్కులు పడవు.

తేడాలు అడిగితే పట్టిక గీయండి, ప్రతి వరుసకూ ఒకే ఆధారం ఉండాలి: ఒక గడిలో నిర్వచనం, దాని ఎదుట గడిలో ఉదాహరణ రాస్తే అది తేడా కాదు. బిట్లలో ‘ఎల్లప్పుడూ’, ‘ఎన్నడూ’, ‘అందరిలోనూ’ అన్న ఆప్షన్లను అనుమానంగా చూడండి. మనుషుల గురించిన శాస్త్రంలో అలాంటి వాక్యాలు అరుదు.

చివరి వారంలో కొత్త పుస్తకాలు తెరవకండి. యూనిట్‌కొక తెల్లకాగితం, పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని పూర్తిగా రాయడం, తర్వాత తప్పిన కార్డులు మాత్రమే చూడటం. ముందు రోజు రాత్రి నిద్ర మానుకోవద్దు, చదివింది నిలవడానికి నిద్ర కూడా కావాలి. పరీక్ష అయ్యాక కార్డులు పారేయకండి. సామాజిక మనోవిజ్ఞానం, వికాస మనోవిజ్ఞానం పేపర్లలో మిల్‌గ్రామ్, పావ్‌లోవ్, ఎబ్బింగ్‌హాస్ మళ్లీ వస్తారు. అప్పుడు మీరు చేర్చాల్సింది కొత్త కార్డులు కొన్నీ, పాత కార్డుల వెనక కొన్ని పంక్తులూ.